దిగితే మసీదు, ఎక్కితే దర్వాజా
(ఆదివారం ప్రయాణాల ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి)

యాంకర్: నమస్కారం. ఈ వారం మొరాకో వెళ్దాం. అక్కడి ఫెస్ నగరానికి మూడుసార్లు వెళ్లొచ్చిన మేడమ్ మనతో స్టూడియోలో ఉన్నారు. మేడమ్, మ్యాపులో చూస్తే ఫెస్ చాలా పెద్ద ఊరు. అందులో మనం మాట్లాడేది ఏ భాగం గురించి?

అతిథి: నమస్కారమండీ. ఫెస్ అల్-బాలీ గురించి. బాలీ అంటే పాతది. పన్నెండు వందల ఏళ్ల నాటి ఊరు. 1981లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. చుట్టూ కోటగోడ, లోపల వేల సందులు. కారు పట్టదు. చార్మినార్ వెనకాల సందుల్లో తిరిగినవాళ్లకి కొంత అలవాటుగానే ఉంటుంది, హారన్ల మోత ఒక్కటే తక్కువ.

యాంకర్: మొదటి కాల్, హన్మకొండ నుంచి. చెప్పండి.

శ్రోత: మేడమ్, వచ్చే నెల ఒక్కణ్నే వెళ్తున్నా. వీడియోలు చూసి టెన్షన్ పట్టుకుంది. లోపల ఫోన్ మ్యాప్ పనిచేయదంట, గైడ్‌లమని చెప్పి వెంటపడతారంట. నిజమేనా?

అతిథి: రెండూ నిజమే బాబూ. కొన్ని సందుల్లో రెండు చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. పైన మేడలు కలిసిపోయి ఆకాశం కనపడదు. నువ్వు ఇక్కడ నిలబడితే ఫోన్‌లో నీ చుక్క పక్క సందులో తిరుగుతూ ఉంటుంది. అందుకని మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకో, కానీ దాన్నే నమ్ముకోకు. వాలు చూసుకో.

శ్రోత: వాలా?

అతిథి: అవును, నేల వాలు. ఊరు గిన్నెలా ఉంటుంది. అందరూ లోపలికి వెళ్లే బాబ్ బూ జలూద్ దర్వాజా మిట్ట మీద ఉంది. ఖరవియ్యీన్ మసీదు పల్లంలో ఉంది. ఈ రెంటినీ కలిపే పెద్ద బజార్లు రెండు: తలా కబీరా, తలా సఘీరా. తలా అంటేనే ఎక్కుడు. అయోమయంగా అనిపిస్తే నేల ఎటు వాలుతోందో చూడు. దిగుతూపోతే మసీదు దగ్గర తేలతావు, ఎక్కుతూపోతే దర్వాజా దగ్గర తేలతావు. దాదాపు ఎప్పుడూ తప్పదు.

శ్రోత: మరి ఆ గైడ్‌లు?

అతిథి: ‘ఆ దారి మూసేశారు, ఇటు రండి’ అంటారు. మూసి ఉండదు. నవ్వుతూ ‘లా, షుక్రన్’, అంటే వద్దు, థాంక్స్ అని నడుస్తూ ఉండు. ఆగావా, అయిపోయావు. మొదటిసారి నేను ఆగాను. ఒక కుర్రాడు మర్యాదగా తీసుకెళ్లి తివాచీల కొట్లో కూర్చోబెట్టాడు. పుదీనా టీ ఇచ్చారు. అది తాగేలోపు పద్నాలుగు తివాచీలు ఒకదాని మీద ఒకటి పరిచారు. అంత కష్టపడ్డారే, ఒట్టి చేతులతో ఎలా లేవను? అక్కడ కొన్న దిండు గలీబు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, ఒకటే గలీబు, ఏ దిండుకీ పట్టదు. (నవ్వు) వాళ్లని తప్పుపట్టను, నేనే దారి తప్పుతానని భయపడ్డాను. గైడ్ కావాలనుకుంటే నువ్వు దిగిన చోట అడిగి, ప్రభుత్వ గుర్తింపు కార్డున్న మనిషిని మాట్లాడుకో. ఒక్క పూట చాలు. రేటు, ఎన్ని గంటలు, కొట్లలోకి తీసుకెళ్లకూడదు అనేవి ముందే తేల్చుకో.

యాంకర్: గుంటూరు నుంచి ఒక రిటైర్డ్ టీచర్‌గారు. చెప్పండమ్మా.

శ్రోత: అమ్మా, మా అమ్మాయి, అల్లుడు స్పెయిన్‌లో ఉంటారు. వాళ్లతో కలిసి నేనూ మావారూ, మొత్తం నలుగురం వెళ్దామనుకుంటున్నాం. నాకు మోకాళ్ల నొప్పులు. ఆ ఎక్కుడు దిగుడు మాట వినగానే గుండె గుభేలుమంది. పైగా మేం మాంసం ముట్టం.

అతిథి: మీరు దిగడం ఒక్కటే పెట్టుకోండమ్మా, ఎక్కడం మానేయండి. పొద్దున టాక్సీలో బూ జలూద్ దగ్గర దిగండి. ఆ దర్వాజా 1913లో కట్టింది, బయటివైపు నీలం, లోపలివైపు ఆకుపచ్చ. అక్కడి నుంచి మెల్లగా పల్లానికి నడవండి. మసీదు దాటాక కాస్త కిందికి రసీఫ్ అని ఒక మైదానం వస్తుంది, అక్కడిదాకా టాక్సీలు వస్తాయి. ఎక్కి వెనక్కి వచ్చేయడమే. ఎర్ర రంగు చిన్న టాక్సీలు, మీటరు వేయమని అడగండి. ముగ్గురినే ఎక్కించుకుంటారు, కాబట్టి మీ నలుగురికీ రెండు కావాలి.

శ్రోత: మరి భోజనం?

అతిథి: పొద్దున బిస్సారా అడగండి. బాకలా అనే చిక్కుడు జాతి ఎండు గింజలు ఉడకబెట్టి చిక్కగా చేస్తారు, పైన ఆలివ్ నూనె, జీలకర్ర పొడి. రొట్టె ముంచుకుని తింటే మన ముద్దపప్పు గుర్తొస్తుంది, నెయ్యి బదులు ఆలివ్ నూనె అనుకోండి. జాలూక్ అని వంకాయ, టమాటా కలిపి చేస్తారు, మీకు పచ్చడి తిన్నట్టే ఉంటుంది. మోసపోయేది హరీరా దగ్గర. చూడ్డానికి శనగలు, టమాటాల చారులా ఉంటుంది గానీ చాలాచోట్ల మాంసం వేసి కాస్తారు. కూరగాయల కుస్కుస్, అంటే గోధుమ రవ్వ వంటకం, అదీ అంతే, పైన కూరగాయలే కనిపిస్తాయి, కింద పులుసు మాంసానిది. ‘బ్లా ల్హమ్’ అనండి, మాంసం లేకుండా అని. పులుసులో కూడా వద్దని మళ్లీ చెప్పండి.

శ్రోత: బ్లా ల్హమ్. రాసుకుంటున్నానమ్మా.

యాంకర్: కడప నుంచి.

శ్రోత: అస్సలాము అలైకుం మేడమ్. ఖరవియ్యీన్‌లో మేం నమాజు చేసుకోవచ్చా? మాతో వచ్చే ఫ్రెండ్ హిందువు.

అతిథి: వా అలైకుం సలాం. మీరు నిశ్చింతగా వెళ్లొచ్చు. మొరాకోలో ముస్లిమేతరులను మసీదుల్లోకి మామూలుగా రానివ్వరు, మీ ఫ్రెండ్ గుమ్మం దగ్గర నిలబడి ప్రాంగణం చూడాల్సిందే. నేనూ అలాగే చూశాను. 859లో ఫాతిమా అల్-ఫిహ్రీ అనే ఆవిడ తన వాటా ఆస్తితో కట్టించిందని చెబుతారు. తర్వాత అదే పెద్ద విద్యాపీఠమైంది. మీరు నమాజు చేసుకునేలోపు మీ ఫ్రెండ్‌ని పక్కనే ఉన్న సఫ్ఫారీన్ చౌక్‌లో కూర్చోమనండి. అక్కడ రాగిపని వాళ్లు పెళ్లి వంటలకు సరిపోయేంత డేగిశాలు సుత్తులతో కొడుతుంటారు. ఒకడి దెబ్బ, ఇంకొకడి దెబ్బ కలిసి తాళం పడుతుంది. తలా కబీరా పై చివర ఉన్న బూ ఇనానియా మదరసాకి మాత్రం టికెట్ కొని ఇద్దరూ కలిసి వెళ్లొచ్చు. అది పద్నాలుగో శతాబ్దపు కట్టడం. అన్నట్టు శుక్రవారం మధ్యాహ్నం కొట్లు చాలావరకు మూసేస్తారు. కొనుగోళ్లు ఆ రోజుకి పెట్టుకోకండి.

యాంకర్: చీరాల నుంచి, నూలు అద్దకం చేస్తారట.

శ్రోత: అవునండీ, మా నాన్న కాలం నుంచీ అదే పని. అక్కడ తోళ్లకి రంగు వేసే గుంటల ఫొటో చూశాను, రంగుల డబ్బా తెరిచినట్టుంది. తోలుకి రంగు ఎలా ఎక్కుతుందండీ?

అతిథి: దాన్ని శువారా అంటారు. తెల్లటి గుంటలు కనపడ్డాయా ఫొటోలో?

శ్రోత: ఆ, ఒక పక్కన.

అతిథి: అసలు పని వాటిలోనే. ముందు సున్నపు నీళ్లలో నానబెడతారు, వెంట్రుకలు ఊడిపోవడానికి. తర్వాత పావురాల రెట్ట కలిపిన నీళ్లు, తోలు మెత్తబడటానికి. ఆ పైనే రంగు గుంటలు. మనుషులు తొడలదాకా దిగి కాళ్లతో తొక్కుతారు. చుట్టుపక్కల మేడల మీదున్న తోలు కొట్లలోంచి చూడాలి. మెట్లెక్కేముందు పుదీనా రెమ్మ చేతికిస్తారు. ఊరికే ఇవ్వరు, ఆ కంపుకి ముక్కు దగ్గర పెట్టుకోడానికి. చూడ్డం ఫ్రీ అంటారు, దిగేటప్పుడు కొనమంటారు. కొనకపోతే కొన్ని దిర్హాములు ఇచ్చి వచ్చేయండి.

శ్రోత: రంగులు చెట్టు రంగులేనా?

అతిథి: నీలిమందు, గోరింట, దానిమ్మ తొక్క అని కొట్టువాళ్లు చెబుతారు. అన్నీ అవే అంటే నేను నమ్మను.

శ్రోత: మా దగ్గరా అంతేనండీ! తడిపిన పత్తి గుడ్డతో రుద్ది చూడండి, గుడ్డకి రంగు అంటితే అప్పుడు తెలుస్తుంది ఎంత నిజమో.

అతిథి: ఇది నాకు తెలీదు. ఆ దిండు గలీబు కొనేముందు మీకు ఫోన్ చేయాల్సింది.

యాంకర్: ఆఖరి కాల్. విశాఖపట్నం నుంచి ఒక చిన్న శ్రోత. ఎన్నో క్లాసమ్మా?

శ్రోత: ఐదు. ఆంటీ, కార్లు లేకపోతే సామాన్లు ఎవరు మోస్తారు?

అతిథి: గాడిదలు, కంచర గాడిదలు, తోపుడు బళ్లు. వెనక నుంచి ‘బాలాక్!’ అని కేక వినిపిస్తే తప్పుకోమని. వెనక్కి తిరిగి చూడకుండా గోడకి అతుక్కుపోవాలి.

శ్రోత: ఎదురుగా ఇంకో గాడిద వస్తే?

అతిథి: నేను చూశాను. ఒకదాని మీద గ్యాస్ సిలిండర్లు, ఇంకోదాని మీద తోళ్ల కట్టలు, ముక్కూ ముక్కూ ఆనించుకుని నిలబడ్డాయి. ఇద్దరు యజమానులూ అరుచుకున్నారు.

శ్రోత: ఏది వెనక్కెళ్లింది?

అతిథి: రెండూ వెళ్లలేదమ్మా. వాటి వెనకాల నిలబడ్డ మేమందరం వెళ్లాం.