కంటికన్నా ముందు కదిలే చేయి

సభకు నమస్కారం. పిల్లల చదరంగం పోటీల్లో ఆట ఎక్కడ చేజారుతుందని అడిగితే తల్లిదండ్రులూ శిక్షకులూ చాలావరకు ఓపెనింగ్‌నే, అంటే మొదటి ఎత్తులనే, తప్పుపడతారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. నేను చూసినంతలో మాత్రం, పన్నెండేళ్ళలోపు పిల్లల చేతిలోంచి ఆట జారిపోయేది ఎక్కువగా గెలుపు ఖాయమనుకున్న ఘడియలోనే.

ఒక ఆట చివరి స్థితి చెబుతాను. ఏ8 మూలగడిలో నల్లరాజు ఒంటరి. తెల్ల మంత్రి బీ5లో, తెల్లరాజు డీ6లో. ఎత్తు తెల్లది. రాజును సీ7కు జరిపితే నల్లరాజుకు ఏ7 తప్ప దిక్కులేదు, ఆపైన మంత్రి బీ7కు వస్తే ఆటకట్టు. తెల్ల పావులతో ఆడుతున్న అమ్మాయి రాజు జోలికే పోకుండా మంత్రిని ఎత్తి బీ6లో ఆనించింది. నల్లరాజుకు చెక్ లేదు, కదలడానికి గడీ లేదు. వదిలితే స్టేల్‌మేట్, చెరో అర పాయింటు. వేళ్ళు మంత్రి మీద ఉండగానే ఆమె ముఖం పాలిపోయింది. ముట్టిన పావునే జరపాలన్నది నియమం. అయితే చేయి వదిలేదాకా దాన్ని మరో గడిలో పెట్టే హక్కు ఉంటుంది. ఆ రెండో సగం ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేదు. వదిలేసింది. గడియారంలో ఇంకా 20 నిమిషాలకు పైగా ఉంది.

ఎత్తును ముందు కాగితంపై రాసుకుని, బల్లను మరోసారి చూసి, అప్పుడు ఆడమని పాత శిక్షకులు నేర్పేవారు. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే నియమాలు ఇప్పుడు దాన్ని ఒప్పుకోవు: డ్రా కోరేటప్పుడో ఆట వాయిదా వేసేటప్పుడో తప్ప, ఆడకముందే ఎత్తు రాయకూడదు. రాసుకున్న కాగితమే సహాయకంగా మారకూడదన్న ఉద్దేశం సబబే. కానీ చేతికి కళ్ళెం వేసే అలవాటు ఒకటి దానితోపాటే పోయిందని నా అభిప్రాయం. అందుకే నా దగ్గరి పిల్లలను, ఎత్తు తోచాక చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎదుటి రాజుకు, బంట్లకు ఏ గడులు మిగిలాయో లెక్కపెట్టమంటాను. ఎత్తెత్తుకూ 30 సెకన్లు కలిసే ఆటలో ఆ లెక్కకు సమయం పుష్కలంగా ఉంటుంది.

ఫలితపు కాగితాలపై సంతకాలయ్యాక ఆ ఇద్దరూ లేవలేదు. ఓటమి తప్పించుకున్న అబ్బాయే పావులను మళ్ళీ పేర్చి, తెల్లరాజును సీ7కు జరిపి చూపించాడు.