ఆ వేళకు అక్కడ లేనంటే సరిపోతుందా?

శ్రోతలకు నమస్కారం. రాత్రి 8.30కి భీమిలిలో కత్తిపోటు జరిగిందని కేసు అనుకుందాం. ముద్దాయేమో, ఆ వేళ నేను గాజువాకలో ఫ్యాక్టరీలో ఉన్నాను, 2 నుంచి 10 దాకా షిఫ్టు అంటాడు. ఈ వాదననే అలిబీ అంటారు. కొట్టలేదనడం కాదిది, అక్కడ ఉండడానికి వీలే లేదనడం.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 9వ సెక్షన్ దీనికి ఆధారం. నేరం చెన్నైలో జరిగితే, అదే రోజు ముద్దాయి లద్దాఖ్‌లో ఉన్నాడన్న సంగతిని కోర్టు పరిగణించవచ్చని అందులో ఉదాహరణ. 1872 నాటి పాత చట్టంలో ఇదే 11వ సెక్షన్. ఊళ్లు మాత్రం కలకత్తా, లాహోరు. అంత దూరమే ఉండాలని రూలేమీ లేదు. గాజువాక నుంచి భీమిలికి దాదాపు 40 కిలోమీటర్లు, బైకు ఎంత తోలినా గంట దగ్గర పడుతుంది. అందుకని లెక్కంతా నిమిషాలది. గేటులో 1.52కి లోపలికి, 10.06కి బయటికి పంచ్ పడి ఉంది, బాగానే ఉంది. ప్రభుత్వం తరఫు లాయరు, అంటే పీపీ గారు, క్రాస్‌లో, అంటే ఎదురు ప్రశ్నలు వేసేటప్పుడు, ఊరుకోరు. వెనక ఇంకో గేటు ఉందా? కార్డు పంచా, వేలిముద్రా? కార్డయితే తోటివాడు కొట్టి ఉండొచ్చుగా? 7 నుంచి 10 దాకా మిషను దగ్గర నిన్ను చూసిందెవరు? ఆ మూడు గంటలూ ఖాళీ అయితే రానూపోనూ సరిపోతుంది మరి. అదే, గంటగంటకీ రీడింగులు రాసే లాగ్ బుక్కులో 8కీ, 9కీ ఇతని చేతిరాత ఉంటే, పంచ్ కన్నా అది గట్టి సాక్ష్యం. శవం తెల్లారి దొరికి, చావు 8కీ 12కీ మధ్య జరిగిందని డాక్టరు రాస్తే ఆ నాలుగు గంటలకూ జవాబు చెప్పాలి.

నేరం రుజువు చేయాల్సిన భారం మొదట ప్రాసిక్యూషన్‌దే. అలిబీ వేశాడని ఆ భారం ముద్దాయి మీదికి మారదు. ప్రాసిక్యూషన్ తన పని తాను చేశాక మాత్రం, వేరేచోట ఉన్నానన్నది ముద్దాయే చూపాలి. అక్కడ ఉండే అవకాశమే లేదనిపించేంత గట్టిగా చూపాలని బినయ్ కుమార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అలిబీ అబద్ధమని తేలినంత మాత్రాన శిక్ష వేయరు. కానీ మిగతా సాక్ష్యం గట్టిగా ఉంటే దానికి ఇంకో లంకె అవుతుంది. నిజం కాకపోతే జోలికి పోకపోవడమే మంచిది.

ఫోన్ టవర్ రికార్డు చూపిస్తే చాలనుకుంటారు చాలామంది. అది ఫోన్ ఎక్కడుందో చెబుతుంది, మనిషి ఎక్కడున్నాడో కాదు. ఆ సమయంలో అతనితో మాట్లాడినవాళ్లు వచ్చి చెబితేనే దానికి బలం. సీసీ కెమెరా మెరుగు, కాకపోతే చాలా దుకాణాల్లో 15 రోజులకో నెలకో పాత ఫుటేజీ మీద కొత్తది ఎక్కేస్తుంది. అరెస్టయిన వారంలోపే లాయరు ద్వారా దుకాణానికి నోటీసు ఇవ్వాలి. అవసరమైతే నాగరిక సురక్ష సంహిత, అంటే కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం, 94వ సెక్షన్ కింద కోర్టు సమన్లు అడగాలి. ముక్క కాదు, మొత్తం కాపీ తీసుకోవాలి. కెమెరా రికార్డింగ్ పెట్టె, అంటే డీవీఆర్, గడియారం అసలు టైముకు ఎంత ముందో, ఎంత వెనకో అప్పుడే రాయించాలి. పది నిమిషాల తేడా కూడా కేసు తిప్పేస్తుంది. కాపీకి కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ రెండు భాగాలూ, హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే కోడ్‌తో) సహా జతచేయాలి. ఇది మర్చిపోయి మంచి ఫుటేజీని పోగొట్టుకునేవాళ్లున్నారు.

భార్య, స్నేహితుడు వచ్చి చెబితే నమ్మరని అనుకోకండి. డిఫెన్స్ సాక్షుల్నీ ప్రాసిక్యూషన్ సాక్షులతో సమానంగా చూడాలని 1981లో దూధ్‌నాథ్ పాండే కేసులోనే సుప్రీంకోర్టు అంది. అసలు చిక్కు వేరు. రెండేళ్ల తర్వాత బోనెక్కిన సాక్షిని, ఆ తేదీయే ఎలా గుర్తుందని అడుగుతారు. పెళ్లి, జీతం రోజు, ఆసుపత్రి చీటీ లాంటి ఆనవాలు ఉండాలి.

అలిబీని చివరి దాకా దాచుకోవడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. ప్రాసిక్యూషన్ సాక్షుల క్రాస్‌లోనే ఆ మాట పెట్టాలి. సురక్ష సంహిత 351వ సెక్షన్ కింద జడ్జి గారు ముద్దాయిని అడిగినప్పుడు అదే చెప్పాలి, తర్వాత డిఫెన్స్ సాక్షుల్ని తేవాలి. ఉన్నట్టుండి ముగింపులో బయటపెడితే అల్లిన కథలా వినిపిస్తుంది.

కుట్ర కేసుల్లో మాత్రం దీంతో పెద్దగా పని జరగదు. డబ్బిచ్చి చేయించాడన్న అభియోగానికి, ఆ రోజు తిరుపతిలో ఉన్నానన్నది జవాబు కాదు.

లాయరును పెట్టుకోలేనివారు 15100కు ఫోన్ చేయొచ్చు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లొచ్చు. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. ఇచ్చిన లాయరుతో మొదటి రోజే మాట్లాడాల్సింది ఫుటేజీ గురించి.