చెక్ ఇంజిన్ లైట్ వెలిగిందా? కోడ్ మీరే చదవండి

[తెర మీద: డాష్‌బోర్డ్ దగ్గరగా. పసుపు రంగులో వెలుగుతున్న ఇంజిన్ బొమ్మ]

బండి మామూలుగానే నడుస్తోంది. శబ్దంలో తేడా లేదు, పికప్ తగ్గలేదు. కానీ ఈ పసుపు బొమ్మ వెలిగింది. ఇక టెన్షన్ మొదలు. షోరూమ్‌కి తీసుకెళ్తే వాళ్లు మొదట చేసేది స్టీరింగ్ కింద ఒక పరికరం పెట్టి, బండి కంప్యూటర్ రాసి పెట్టుకున్న తప్పు కోడ్ చదవడమే. ఆ పని ఇంటి దగ్గర మీరే చేసుకోవచ్చు. ఎలాగో చూపిస్తాను.

దానికంటే ముందు ఒక్క విషయం. లైటు నిలకడగా వెలుగుతూ, బండి బాగానే నడుస్తుంటే నెమ్మదిగా ఇంటికి తెచ్చుకోవచ్చు. అదే లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి, బండి పక్కకు ఆపండి. ఏదో ఒక సిలిండర్‌లో ఇంధనం సరిగ్గా మండట్లేదని దాని అర్థం. అలా మండకుండా బయటికొచ్చిన ఇంధనం క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి, అంటే పొగలోని విషవాయువులను తగ్గించే భాగంలోకి వెళ్లి అక్కడ మండుతుంది. ఆ వేడికి కన్వర్టర్ లోపలి భాగం కరిగిపోవచ్చు కూడా. ఇక ఎర్రగా వెలిగే ఆయిల్ లైటు, టెంపరేచర్ లైటు వేరే సంగతి. అవి కనిపిస్తే కోడ్ గురించి ఆలోచించకుండా, క్షేమంగా ఆపగలిగిన చోట బండి ఆపి ఇంజిన్ కట్టేయండి.

[తెర మీద: స్టీరింగ్ కింద, టార్చి వెలుగులో పోర్టు]

ఇదిగో, ఇదే ఓబీడీ2 పోర్టు, బండి కంప్యూటర్‌లోని సమాచారం చదవడానికి పెట్టిన సాకెట్. రెండు వరుసల్లో 16 పిన్నులు, ఒక వైపు వెడల్పు, ఇంకో వైపు కాస్త సన్నం. ఒకప్పుడు ఏ కంపెనీ పోర్టు ఆ కంపెనీదే. అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి, యూరప్‌లో 2001 నుంచి కొత్త పెట్రోలు కార్లకు ఒకే రకం పోర్టు తప్పనిసరి చేశారు. ఇప్పుడు ఒక చిన్న అడాప్టర్ ఇన్ని కంపెనీల బండ్లకు సరిపోతోందంటే కారణం అదే.

అడాప్టర్ అంటే ఈ పోర్టులో పెట్టి ఫోన్‌తో కలిపే ఈఎల్ఎం327 రకం డాంగిల్. ఆండ్రాయిడ్ ఫోన్‌కి మామూలు బ్లూటూత్‌ది చాలు. ఐఫోన్ అయితే వైఫైది గానీ, బ్లూటూత్ లో ఎనర్జీది గానీ తీసుకోండి. ఇంజిన్ ఆపి డాంగిల్ పెట్టండి, ఇగ్నిషన్ ఆన్ చేయండి, ఫోన్‌తో జత చేయండి, ఫోన్‌లో వేసుకున్న ఓబీడీ యాప్‌లో ఫాల్ట్ కోడ్స్ నొక్కండి. అంతే.

[తెర మీద: ఫోన్‌లో పీ0301]

ఈ కోడ్‌ను విడదీసి చదువుదాం. పీ అంటే ఇంజిన్, గేర్‌బాక్స్ వైపు. బీ అయితే బాడీ, సీ అయితే బ్రేకులు, సస్పెన్షన్ లాంటివి, యూ అయితే కంప్యూటర్ల మధ్య సమాచారం. తర్వాతి 0 అంటే అన్ని కంపెనీలకూ ఒకే అర్థమున్న కోడ్. అక్కడ 1 ఉంటే సాధారణంగా అది ఆ కంపెనీ సొంత కోడ్, అర్థం ఆ మోడల్ పేరుతోనే వెతకాలి. 3 అంటే ఇగ్నిషన్, మిస్‌ఫైర్ (ఇందాక చెప్పిన, ఇంధనం సరిగ్గా మండకపోవడం). చివరి 01 ఒకటో సిలిండర్.

ఇప్పుడు ఒకటో సిలిండర్‌కి కొత్త కాయిల్ (స్పార్క్ ప్లగ్‌కి కరెంటు ఇచ్చేది) కొనేయాలా? వద్దు. ప్రతి సిలిండర్‌కీ విడిగా కాయిల్ ఉన్న ఇంజిన్ అయితే, ఇంజిన్ ఆపి, చల్లారాక, ఒకటో కాయిల్, రెండో కాయిల్ అటూ ఇటూ మార్చి చూడండి. ఈసారి పీ0302 వస్తే తప్పు కాయిల్‌దే. మళ్లీ పీ0301 వస్తే స్పార్క్ ప్లగ్, ఇంజెక్టర్, కంప్రెషన్ చూసుకోవాలి.

ఈ వీడియో చేయడానికి కారణం నిజానికి ఇంకో కోడ్. మా కారులో పీ0171 వచ్చింది. ఇంజిన్‌లో గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ అని దాని అర్థం. ఒక వర్క్‌షాపులో కోడ్ చూడగానే, పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సర్ మార్చేశారు. వారానికల్లా లైటు మళ్లీ వెలిగింది. డబ్బు పోయిందన్న బాధ కంటే, బాగున్న సెన్సర్‌ను తీసి పారేశారన్నదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. గాలి ఎక్కువైందని ఆ సెన్సర్ చెప్పింది నిజమే మరి!

[తెర మీద: లైవ్ డేటా, ఫ్యూయల్ ట్రిమ్ అంకెలు]

అప్పుడు లైవ్ డేటాలో ఫ్యూయల్ ట్రిమ్ చూశాను. కంప్యూటర్ ఇంధనాన్ని ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె అది. బండి ఐడిలింగ్‌లో ఉంటే 20 శాతం పైన. ఆర్‌పీఎం 2500కి తెస్తే 5కి పడిపోయింది. ఎక్కడి నుంచో దొంగగాలి లోపలికి వస్తే ఇలాగే ఉంటుంది. ఐడిలింగ్‌లో ఇంజిన్ పీల్చే గాలే తక్కువ కాబట్టి చిన్న లీకు కూడా పెద్దగా కనిపిస్తుంది. రేజ్ చేస్తే మొత్తం గాలిలో ఆ లీకు వాటా తగ్గిపోతుంది.

బానెట్ ఎత్తి వెతికితే, ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాలు) వెనక సన్నటి రబ్బరు పైపుకి, సరిగ్గా మడత దగ్గర, వేలిగోరంత చీలిక. చెవి పెడితే సన్నగా బుస్సుమంటోంది. బొటనవేలితో అదిమితే ఫోన్‌లో అంకె దిగిపోయింది! మీరు చూసేటప్పుడు ఫ్యాన్‌కి, బెల్టుకి చేతులు, చున్నీలు దూరంగా ఉంచండి.

పీ0420 కూడా అంతే. కన్వర్టర్ సరిగ్గా పనిచేయట్లేదని ఆ కోడ్ అర్థం. కానీ ఆక్సిజన్ సెన్సర్ దగ్గర పొగ గొట్టం లీకైనా అదే కోడ్ రావచ్చు. పీ0455 అయితే పెట్రోలు ఆవిరి లీకు. ముందు ట్యాంకు మూత సరిగ్గా బిగించి చూడండి.

[తెర మీద: క్లియర్ బటన్ మీద వేలు]

ఈ బటన్ మాత్రం అప్పుడే నొక్కకండి. తప్పు దొరికిన క్షణంలో వేగం, ఆర్‌పీఎం, ఇంజిన్ వేడి ఎంతున్నాయో ఫ్రీజ్ ఫ్రేమ్‌లో ఉంటాయి. క్లియర్ చేస్తే అవీ పోతాయి, బండి చేసుకునే సొంత పరీక్షలూ మళ్లీ మొదటికొస్తాయి. పొల్యూషన్ పరీక్ష ముందు కోడ్ తుడిచేసి వెళ్తే, పరీక్షలు పూర్తి కాలేదని వెనక్కి పంపే చోట్లు ఉన్నాయి. ముందు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. రిపేరు అయ్యాకే క్లియర్ చేయండి.

తర్వాత కొన్ని రోజులు మామూలుగా నడిపి, పెండింగ్ కోడ్స్, అంటే బండి ఇంకా ఖాయం చేసుకోని తప్పులు, మళ్లీ చూడండి. లైటు వెలగకముందే తప్పు అక్కడ కనిపించవచ్చు. చూడటం అయిపోగానే డాంగిల్ తీసేయండి. బండి ఆపినా అది బ్యాటరీ నుంచి కరెంటు తీసుకుంటూనే ఉంటుంది.