రేడియేటర్ కొనే ముందు గాలి దారి చూడండి

పెద్దలకు, ఆటోనగర్‌లో పని ముగించుకుని నేరుగా ఇక్కడికి వచ్చిన మెకానిక్ మిత్రులకు, చెట్టు కింద కార్లు నిలిపి వచ్చిన యువకులకు నమస్కారం. లోపలికి వస్తూ ఆ కార్లను చూశాను. ఒక పోలో జీటీ, రెండు ఐ20 ఎన్ లైన్లు, ఒక ఆక్టేవియా ఆర్‌ఎస్ కనిపించాయి. వాటిలో ఒకదాని బానెట్ ఎత్తి ఉంది. వేడి పోవడానికని ఎవరో అలా వదిలి వచ్చి ఉంటారు. నా ప్రసంగానికి అంతకంటే మంచి పీఠిక దొరకదు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. నెల్లూరులో, ఒంగోలులో ఆ రోజుల్లో ఎండ 45 డిగ్రీలను తాకడం మనకు వింత కాదు. ఇంజిన్ వేడిని గాలిలోకి వదిలే రేడియేటర్ ఎంత వేడిని బయటకు పంపగలదన్నది దాని గొట్టాల్లో తిరిగే ద్రవమైన కూలెంట్‌కూ, రేడియేటర్‌ను తాకే గాలికీ మధ్య ఉన్న తేడాను బట్టి ఉంటుంది. కూలెంట్ 95 డిగ్రీల వద్ద ఉండి గాలి 30 డిగ్రీలు ఉన్నప్పుడు ఆ తేడా 65. అదే గాలి 45 డిగ్రీలకు చేరితే తేడా 50కి పడిపోతుంది, అంటే అదే రేడియేటర్ అదే వేగంలో దాదాపు నాలుగో వంతు సత్తువ కోల్పోతుంది. ఏసీ వేసి ఉంటే ముందున్న కండెన్సర్ ఆ గాలిని మరికొంత వేడి చేసి వెనక్కి పంపుతుంది, టర్బో బండిలో ఇంజిన్‌కు వెళ్లే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ తన వాటా తాను కలుపుతుంది. ఈ పరిస్థితిలో రీమ్యాప్ చేయించి, అంటే ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్పించి, 120 హార్స్‌పవర్‌ను 150 చేస్తే, కూలెంట్‌లోకి చేరే వేడి కూడా ఇంచుమించు అదే దామాషాలో పెరుగుతుంది. పెరిగిన శక్తిని అందరూ లెక్క వేసుకుంటారు గానీ, దానితో పాటు వచ్చిన వేడిని లెక్క వేసుకునేవారు తక్కువ.

నేను చేసిన పొరపాటు ముందు చెబుతాను. చాలా ఏళ్ల కిందట నా పాత టర్బో పెట్రోల్ కారు దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే ఉష్ణోగ్రత ముల్లు ఎర్ర గీత దగ్గరకు వెళ్లింది. ఇంటికి వచ్చాక మరేమీ ఆలోచించకుండా, కంపెనీ రేడియేటర్ కంటే రెట్టింపు మందం ఉన్న పూర్తి అల్యూమినియం రేడియేటర్ తెప్పించి బిగించాను. అది అద్దంలా మెరిసేది. కానీ అంతకుముందు ఘాట్‌లో మాత్రమే వేడెక్కిన బండి, ఆ తర్వాత నెల్లూరు ట్రంకు రోడ్డులో సిగ్నల్ దగ్గర కూడా వేడెక్కడం మొదలుపెట్టింది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లయింది.

చివరికి ఒక పెద్దాయన షెడ్డులో బండి నిలిపాను. ఆయన పనిముట్లేవీ తీయలేదు. ఏసీ వేయించి, ఫ్యాన్ తిరుగుతుండగా దినపత్రికలో ఒక కాగితం చించి ముందు జాలీకి ఆనించి వదిలారు. గాలి లాగుతుంటే కాగితం అతుక్కుని నిలబడాలి, నా బండి దగ్గర అది జారి నేల మీద పడింది. రేడియేటర్ మందం పెరిగినందువల్ల వెనుక చోటు చాలక, ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగును కోసి బిగించారన్న సంగతి అప్పుడు బయటపడింది. తొడుగు లేని ఫ్యాన్ తన రెక్కల ఎదురుగా ఉన్న కొద్ది భాగం నుంచే గాలిని లాగుతుంది. పైగా పక్కల సందుల్లోంచి ఇంజిన్ దగ్గరి వేడి గాలినే మళ్లీ మళ్లీ తిప్పుతుంది. గాలి ఎంత పోగలిగితే రేడియేటర్ అంతే పనిచేస్తుంది. ఈ సాయంత్రం నేను చెప్పదలచినది ప్రధానంగా ఇదే.

కాబట్టి రేడియేటర్ కొనే ముందు బండి ఎక్కడ వేడెక్కుతోందో గమనించాలి. ఆగి ఉన్నప్పుడు, ట్రాఫిక్‌లో వేడెక్కి, హైవే మీద పరుగెత్తగానే చల్లబడితే తప్పు సాధారణంగా ఫ్యాన్‌లో, దాన్ని నడిపే స్విచ్ అయిన రిలేలో, తొడుగులో ఉంటుంది. ఫ్యాన్ వైర్లు తారుమారై వెనక్కి ఊదుతున్న బండ్లను కూడా నేను చూశాను. ఊళ్లో బాగానే ఉండి, కావలి దాటి టంగుటూరు టోల్‌గేటు వైపు గంటకు 100 కిలోమీటర్ల వేగంలో వెళుతున్నప్పుడు ముల్లు పైకి జరిగితే, లోపలి గొట్టాలు మూసుకుపోవడమో, వాటర్ పంపు అరిగిపోవడమో, కింది హోస్ మెత్తబడి పంపు పీల్పుకు ముడుచుకుపోవడమో కారణం కావచ్చు. గొట్టాలకు అతికి ఉండే పలుచని రేకులైన ఫిన్ల మధ్య పురుగులు, దుమ్ము నిండినా ఇదే లక్షణం కనిపిస్తుంది. ఇవేవీ కాకుండా కూలెంట్ ఊరికే తగ్గిపోతూ, ట్యాంకులో బుడగలు ఆగకుండా వస్తుంటే ఇంజిన్ బ్లాకుకూ దాని పై భాగమైన హెడ్‌కూ మధ్య ఉండే హెడ్ గాస్కెట్‌ను అనుమానించాలి. గాస్కెట్ పోయిన బండికి ఎంత ఖరీదైన రేడియేటర్ పెట్టినా ఆ డబ్బు వృథాయే.

రేడియేటరే మార్చాలని తేలితే దేనితో చేసినది కొనాలన్న ప్రశ్న వస్తుంది. రాగికి అల్యూమినియం కంటే వేడిని మోసే గుణం ఎక్కువ, అది నిజం. అయితే రాగి–ఇత్తడి రేడియేటర్‌లో గొట్టాలను మాటు వేసి అతుకుతారు, గట్టిదనం కోసం గొట్టాలను సన్నగా ఉంచుతారు. అల్యూమినియంలో వెడల్పు గొట్టాలు పెట్టవచ్చు, వాటికి ఫిన్లు నేరుగా అతుక్కుంటాయి, బరువూ తక్కువ. అందువల్ల వేగపు కారుకు అల్యూమినియమే నా ఎంపిక. కంపెనీ రేడియేటర్లలో గొట్టాలు, ఫిన్లు ఉన్న అల్యూమినియం కోర్‌కు చివర్లలో ప్లాస్టిక్ ట్యాంకులు నొక్కి బిగిస్తారు. మామూలు వాడకానికి అవి చాలు, కానీ ఏళ్ల తరబడి వేడికి ఆ ప్లాస్టిక్ పెళుసుబారి అంచు దగ్గర చీలుతుంది. పవర్ పెంచిన బండికి ట్యాంకులు కూడా వెల్డింగ్ చేసిన పూర్తి అల్యూమినియం రకం మేలు. రాగి రకానికి ఒక సుగుణం లేకపోలేదు: ఏ లారీ షెడ్డులోనైనా మాటు వేసి బాగుచేస్తారు.

మందం విషయంలో ఆశ తగ్గించుకోవాలి. గాలి లోపలికి పోయేకొద్దీ వేడెక్కుతుంది కాబట్టి నాలుగో వరుస గొట్టాలకు చేరేసరికి దానిలో చల్లదనం అంతగా మిగలదు. అందుకే చోటు ఉంటే ముందు ఎత్తు, వెడల్పు పెంచి చూడాలి, మందం ఆ తర్వాతి మాట. ఫిన్లు మరీ దగ్గరగా ఉన్నవి కాగితం మీద గొప్పగా కనిపిస్తాయి గానీ, చీమకుర్తి గ్రానైట్ లారీల వెనుక నడిచే బండిలో అవి త్వరగా పూడిపోతాయి. కొత్తది బిగించాక చుట్టూ ఉన్న సందులను స్పాంజితో మూయించండి. దారి దొరికితే గాలి రేడియేటర్ పక్కనుంచే జారిపోతుంది. మైపాడు, కొత్తకోడూరు తీరానికి తరచూ వెళ్లేవారు ఉప్పు గాలికి ఫిన్లు తెల్లగా పొడి రాలకముందే మంచినీటితో, తక్కువ వేగం ధారతో కడిగించుకోవాలి.

ఇక నీటి సంగతి. ఇదిగో, నా చేతిలో ఉన్నది కోసిన పాత కోర్ ముక్క. వెనుక వరుసలోని వారు తర్వాత దగ్గరకు వచ్చి చూడవచ్చు. ఒక్కొక్క గొట్టం లోపల గోరు మందాన తెల్లటి పొర పేరుకుంది, వేలితో గీకితే సున్నంలా రాలుతోంది. కనిగిరి వైపు తిరిగిన బండి ఇది, దీనిలో ఏళ్లుగా పోసింది బోరు నీళ్లు. ఆ నీటిలోని లవణాలు వేడికి గొట్టం గోడల మీద పేరుకుని, నీటికీ లోహానికీ మధ్య దుప్పటి కప్పినట్లు నిలబడతాయి. అందుకే కూలెంట్‌లో కలపడానికి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే వాడాలి. మనకు నీళ్లు గడ్డకట్టే చలి లేదు కాబట్టి కూలెంట్ అవసరం లేదని కొందరు వాదిస్తారు. కూలెంట్‌లోని గ్లైకాల్ మరుగు ఉష్ణోగ్రతను పెంచుతుంది, దానిలో కలిపిన మందులు తుప్పును ఆపుతాయి. ఆ మందులు లేని నీటిలో అల్యూమినియం ఎక్కువ కాలం బతకదు. అలాగని గ్లైకాల్ ఎక్కువైతే లాభమూ లేదు, ఎందుకంటే అది నీటి కంటే తక్కువ వేడిని మోస్తుంది. కంపెనీ చెప్పిన పాళ్లే వాడండి, రెండు రకాల కూలెంట్లను మాత్రం కలపకండి, అవి గంజిలా చిక్కబడవచ్చు.

రేడియేటర్ మూతను చిన్నచూపు చూడవద్దు. ఒక బార్ ఒత్తిడిని నిలిపే మూత ఉంటే మామూలు నీరు సైతం సుమారు 120 డిగ్రీల దాకా మరగదు. దాని రబ్బరు పోయిన రోజున 100 డిగ్రీలకే ఆవిరి మొదలవుతుంది. ఎండాకాలం వచ్చిందని కూలెంట్ వేడెక్కాకే రేడియేటర్ దారి తెరిచే థర్మోస్టాట్‌ను తీసి పారేయడం మన షెడ్లలో పాత అలవాటు. చాలా ఇంజిన్లలో అది తెరుచుకున్నప్పుడే బైపాస్ దారి మూసుకుంటుంది. దాన్ని తీసేస్తే వేడి నీటిలో కొంత భాగం రేడియేటర్‌ను తాకకుండానే ఇంజిన్‌కు తిరిగి వెళుతుంది. మెకానిక్ మిత్రులు నొచ్చుకోకపోతే, ఈ అలవాటు మానుకోవాలని గట్టిగా కోరుతున్నాను.

చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాకుకు వెళ్లి వచ్చే యువకులకు ఒక మాట. అక్కడ పరుగు ముగియగానే ఇంజిన్ ఆపకుండా, ఒక చుట్టు నెమ్మదిగా తిప్పి, రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి. లేకపోతే టర్బోలో నిలిచిపోయిన ఆయిల్ మాడి మసి కడుతుంది.

కొత్త రేడియేటర్‌లో కూలెంట్ పోసేటప్పుడు బండి ముందు భాగం ఎత్తుగా ఉంచి, గాలి వదిలే బ్లీడ్ స్క్రూ ఉంటే విప్పి, గాలి పూర్తిగా పోయేదాకా ఓపికగా నింపాలి. మర్నాడు ఉదయం ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మట్టం మళ్లీ చూడండి, లోపల చిక్కిన గాలి వదిలినందువల్ల అది కొంత దిగి ఉండవచ్చు. దిగినంత పోసి మూత బిగించాక, ఏసీ వేసి, ముందు జాలీకి కాగితం ఆనించి వదలండి.