అండమాన్ వెళ్తున్నారా? పాయింట్లు లెక్కపెట్టకండి, ఆటుపోట్లు చూస్కోండి

హాయ్ అండీ అందరికీ. పోయిన వీడియో కింద సత్యనారాయణపురం నుంచి ఒకావిడ అడిగారు, అండమాన్‌కి ప్యాకేజీ మాట్లాడుకున్నారంట, డిసెంబర్లో, అయిదు రాత్రులు, పదిహేడు పాయింట్లు, మా ఆయనా నేనూ ఇద్దరు పిల్లలూ మా అత్తగారూ వెళ్తున్నాం, ఏవి ఉంచాలి ఏవి తీసెయ్యాలి కాస్త చెప్పు తమ్ముడూ అని. ఆవిడ పంపిన ప్లాన్ ఇదిగో స్క్రీన్ మీద పెడుతున్నా, పేర్లు తీసేశాలెండి. అక్కా, ముందు ఒక మాట, ఈ పదిహేడులో సగం కొట్టెయ్యండి. ఎందుకంటారా, ఈ ప్లాన్ రాసినాయన ఊళ్ళో గుళ్ళు తిప్పినట్టు బీచులు తిప్పుదామనుకున్నాడు, గంటకొకటి. సముద్రం మన టైముకి రాదు కదండీ.

మనకి బీచ్ అంటే ఏంటి, సూర్యలంకో మంగినపూడో. ఆదివారం పొద్దున్నే బయల్దేరి మోకాళ్ళ దాకా నీళ్ళల్లో నిలబడి, మొక్కజొన్న పొత్తు తిని, ఫోటోలు దిగి వచ్చేస్తాం. తప్పులేదు, నాకూ ఇష్టమే. అక్కడ నీళ్ళు మట్టిరంగులో ఎందుకుంటాయంటే కృష్ణా గోదావరి తెచ్చి పోసే ఒండ్రు వల్ల. ఆ ఒండ్రుతోనే మన డెల్టాలో వరి పండుద్ది, ఆ ఒండ్రు వల్లే మన తీరంలో పగడాలు పెరగవు, వాటికి ఎండ తగలాలి, నీళ్ళు తేటగా ఉండాలి. అండమాన్‌లో పెద్ద నదుల్లేవు కాబట్టి నీళ్ళు అద్దంలాగా ఉంటాయి, అడుగున కోరల్స్, అంటే పగడాలు, ఉంటాయి. ఇసుక తెల్లగా ఉండేది కూడా అందుకే, అది చాలా వరకు కోరల్సూ గవ్వలూ పొడైన ఇసుక. ప్యారట్ ఫిష్ అని ఒక చేప ఉంటది, అది కోరల్‌ని కొరికి నమిలి వెనక నుంచి ఇసుకగా వదుల్తది, నిజంగానే. స్నార్కెలింగ్‌లో, అంటే మాస్కూ గొట్టమూ పెట్టుకుని నీళ్ళ మీద బోర్లా తేలేటప్పుడు, తల నీళ్ళల్లో పెట్టి కదలకుండా ఉంటే ఆ కొరికే చప్పుడు కరకరమని వినపడుద్ది. ఇంత దూరం వెళ్ళి ఆ నీళ్ళల్లో తల పెట్టకుండా ఒడ్డు మీద సెల్ఫీ దిగి రావటానికైతే సూర్యలంకే నయం, సాయంత్రానికి ఇంట్లో ఉండొచ్చు.

ఇప్పుడు ప్లాన్‌లో మూడో రోజు చూడండి. నీల్ ఐలాండ్, 11 నుంచి 12 భరత్‌పూర్ బీచ్, 12 నుంచి 1 నేచురల్ బ్రిడ్జ్. ఇది అసలు ఎట్లా కుదురుద్దండీ? భరత్‌పూర్‌లో గ్లాస్ బాటమ్ బోట్ తిరగాలన్నా స్నార్కెలింగ్ చెయ్యాలన్నా పోటు మీద నీళ్ళు ఉండాలి, ఆటు టైములో వెళ్తే నీళ్ళు బాగా వెనక్కి పోయి రాళ్ళు తేలిపోతాయి. లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్‌లో ఉన్న ఆ రాతి వంతెన దగ్గరికి నడవాలంటే మాత్రం ఆటు కావాలి, అప్పుడే అక్కడి గుంటల్లో నీళ్ళు నిలిచి చిన్నచిన్న చేపలూ సీ కుకుంబర్లూ కనపడతాయి, పిల్లలకి అదే పెద్ద పండగ. పోటుకీ ఆటుకీ మధ్య దాదాపు ఆరు గంటలు. గంట తేడాతో పెట్టుకుంటే రెండిట్లో ఏదో ఒక చోట నీళ్ళు చాలవు, లేదా ఎక్కువుంటాయి.

అందుకని ఫోన్లో టైడ్ చార్ట్ చూస్కోండి, పోర్ట్ బ్లెయిర్ అని కొడితే వస్తది. రోజుకి రెండు పోట్లు రెండు ఆటులు, రోజురోజుకీ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతా వెళ్తాయి. అది కూడా వద్దంటే గోడ మీద క్యాలెండర్ చాలు, పౌర్ణమికీ అమావాస్యకీ అటూ ఇటూ రెండు రోజులు నీళ్ళు బాగా పైకొచ్చి బాగా వెనక్కి పోతాయి. నన్నడిగితే అమావాస్య దగ్గర పెట్టుకోండంటా. హేవ్‌లాక్ ఐలాండ్‌లో రాత్రిపూట మడ అడవుల పక్కన కయాక్ అనే చిన్న పడవ మీద తీస్కెళ్తారు, చీకటిగా ఉంటే తెడ్డు వేసిన చోటల్లా నీళ్ళల్లో నీలంగా మెరుపులు లేస్తాయి, నీళ్ళల్లో ఉండే సూక్ష్మజీవుల వెలుగు అది, కదిలిస్తే వెలుగుతాయి. వెన్నెల ఉంటే కనపడి చావదు. అమావాస్య నాడు ప్రయాణమంటే ఇంట్లో ఒప్పుకోరు కదా, మూడ్రోజులు ముందే బయల్దేరి అమావాస్యకి అక్కడుండండి, అత్తగారు ఏమీ అనరు.

టిక్కెట్ మీద పేర్లు చూసి కంగారు పడొద్దు. హేవ్‌లాక్ ఇప్పుడు స్వరాజ్ ద్వీప్, నీల్ ఇప్పుడు షహీద్ ద్వీప్, 2018లో మార్చారు. పోర్ట్ బ్లెయిర్‌ని 2024లో శ్రీ విజయపురం చేశారు. అందరూ పాత పేర్లే పిలుస్తారు.

ఇంకో సంగతి, ఎండ. అక్కడ గడియారం మనదే, సూర్యుడు మాత్రం మన బెజవాడ కంటే ముప్పావు గంట పైనే ముందు. డిసెంబర్లో సాయంత్రం 5కే దాదాపు పొద్దు గుంకుద్ది. ఈ ప్లాన్‌లో హేవ్‌లాక్‌లోని రాధానగర్ బీచ్ సన్‌సెట్ అని 5 గంటలకి రాశాడు, మీరు వెళ్ళేసరికి పార్కింగ్‌లో ఎదురొచ్చే జనం కనపడతారు. మూడింటికల్లా ఉండండి. 2004లో టైమ్ మ్యాగజైన్ ఆసియాలో బెస్ట్ బీచ్ అన్నది దీన్నే, వెనకంతా ఎత్తయిన అడవి, ముందు పడమటి సముద్రం, జెట్‌స్కీల గోల ఉండదు. కాలు కింద మెత్తటి ఇసుకే, రాళ్ళు గుచ్చుకోవు, ఈత రాని వాళ్ళు కూడా నడుం లోతు దాకా వెళ్ళొచ్చు. రెండు గంటలు అక్కడే కూర్చోండి, ఇంకే పాయింటూ పెట్టుకోకండి.

ఒక్కటి చెప్తా, భయపెట్టటానికి కాదు. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్ళు ఉన్నాయి. 2010లో ఇదే హేవ్‌లాక్‌లో స్నార్కెలింగ్ చేస్తున్న ఒక విదేశీ టూరిస్టు చనిపోయింది. అందుకని లైఫ్‌గార్డ్ చూపించిన చోటే దిగండి, వాగులు సముద్రంలో కలిసే చోటా మడ చెట్ల దగ్గరా దిగొద్దు, చీకటి పడ్డాక అసలొద్దు. మనోళ్ళు కృష్ణలో ఈత కొట్టినోళ్ళం మాకేంటి అంటారు, అక్కడ ఆ మాట వద్దు.

హేవ్‌లాక్‌లోనే ఉన్న ఎలిఫెంట్ బీచ్ వెళ్ళండి, కానీ పొద్దున్నే మొదటి బోట్లో. పది దాటితే జనం, లైఫ్ జాకెట్లు, విజిల్సు, కార్తీక మాసంలో భవానీ ఐలాండే. స్నార్కెలింగ్‌లో కోరల్ మీద నిలబడకండి, అది రాయి కాదు, బతికున్న ప్రాణి, పైగా కాలు తెగుద్ది. పిల్లలకి ఫుల్ చేతుల స్విమ్మింగ్ టీషర్ట్ వెయ్యండి, బోర్లా తేలతా ఉంటే వీపు కాలిపోయింది కూడా తెలియదు.

స్కూబా, అంటే గాలి సిలిండర్ కట్టుకుని నీళ్ళ లోపలికి దిగటం, దాని గురించి అందరూ అడిగేది ఈత రాకపోతే ఎలా అని. ఈత అక్కర్లేదండీ, మొదటిసారి వాళ్ళని ఇన్‌స్ట్రక్టర్ వెనక నుంచి పట్టుకునే తీస్కెళ్తాడు, 12 మీటర్లకి మించి దింపరు. ఆస్తమా, గుండె జబ్బు, చెవి ఆపరేషన్ ఉన్నోళ్ళు మాత్రం ఫారంలో నిజం రాయండి, లేదని టిక్ పెట్టకండి. లోపల రెండే పనులు. ఒకటి, ఊపిరి బిగబట్టకుండా నోటితో పీలుస్తా వదులుతా ఉండటం. రెండోది చెవులు, దిగే కొద్దీ బరువు పడుద్ది, పది మీటర్లకే పైన ఉన్నదానికి రెట్టింపు ఒత్తిడి ఉంటది, కాబట్టి నొప్పి మొదలవ్వక ముందే ముక్కు మూసి మెల్లిగా గాలి ఊదితే టిక్ మని తెరుచుకుంటది. నొప్పి ఓర్చుకుని దిగకండి, చెయ్యి అటూ ఇటూ ఊపి చెవి చూపించండి, ఆగుతాడు. ఇంకోటి, బొటనవేలు పైకెత్తి చూపిస్తే నీళ్ళల్లో సూపర్ అని అర్థం కాదు, పైకి తీస్కెళ్ళమని. నేను వెళ్ళిన బోట్లో గుంటూరు కుర్రాడొకడు వీడియోలో హీరోలాగా థంబ్ చూపించాడు, ఇన్‌స్ట్రక్టర్ పైకి తెచ్చేశాడు పాపం. బావుందంటే బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టండి. మీసాలున్నోళ్ళకి మాస్క్‌లోకి నీళ్ళు కారతాయి, ముందే వ్యాజిలిన్ రాసుకోండి.

అత్తగారికి నీల్ ఐలాండ్ బావుంటది, చిన్నది, తిరగటం తేలిక, ఆటోలు ఉంటాయి. ఒక రాత్రి కాకుండా రెండు రాత్రులు అక్కడ పెట్టండి, బారటాంగ్ తీసెయ్యండి. బారటాంగ్ గుహలకి అర్ధరాత్రి దాటాక లేచి జార్వాలనే ఆదివాసీల అడవిలోంచి కాన్వాయ్‌లో పోవాలి, రోజంతా పోద్ది, అయినా ఆ మనుషుల్ని బండి అద్దంలోంచి చూడాలన్న ఆశతో పోయేవాళ్ళే ఎక్కువ, అది నాకు నచ్చదు. ఫోటో తియ్యటం, బండి ఆపటం, తినేవి ఇవ్వటం అన్నీ నిషేధం. తిండికి భయం లేదు, పోర్ట్ బ్లెయిర్ అబర్డీన్ బజార్‌లో మన ఉత్తరాంధ్ర వాళ్ళు చాలామంది ఉన్నారు, తెలుగులోనే బేరం ఆడొచ్చు. సాయంత్రం ఇసుకలో శాండ్ ఫ్లైస్ అని కంటికి కనపడనివి కుడతాయి, కొబ్బరి నూనె రాసుకుంటే కొంచెం నయం. పిల్లలు ఏరిన కోరల్ ముక్కలు బ్యాగులో పెట్టుకోనివ్వకండి, వన్యప్రాణి చట్టం కింద నేరం, ఎయిర్‌పోర్ట్‌లో స్కానింగ్‌లో దొరికితే తీసేసుకుంటారు.

ఇక చివరి రోజు. పొద్దున నార్త్ బేలో స్కూబా, మధ్యాహ్నం చెన్నై ఫ్లైట్, రాత్రికి గన్నవరం. అక్కా, ఈ లైన్ మాత్రం ఇవ్వాళే మార్పించండి. స్కూబా చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదంటారు, లోపల ఒంట్లో కరిగిన నైట్రోజన్ పైన గాలి ఒత్తిడి తగ్గగానే బుడగలు కడుద్ది, కీళ్ళ నొప్పుల నుంచి ప్రాణాపాయం దాకా ఏదైనా అవ్వచ్చు. ఏజెంట్‌కి ఫోన్ చేసి స్కూబాని రెండో రోజు హేవ్‌లాక్‌కి జరపమనండి. కుదరదంటే ఆ డబ్బులు బిల్లులోంచి తీయించెయ్యండి, హేవ్‌లాక్‌లో మీరే బుక్ చేసుకోండి. ఆ ఖాళీ అయిన పొద్దున సెల్యులార్ జైల్ పెట్టుకోండి, ఏడు వింగుల్లో మూడే మిగిలాయి, టెర్రస్ ఎక్కితే సముద్రం అంతా కనపడుద్ది. మెట్లు ఉంటాయి, అత్తగారిని తొందర పెట్టకండి.