గునుగు చల్లే కాలం

అందరికీ నమస్కారం. మృగశిర కార్తె దగ్గరికొచ్చింది. బతుకమ్మకు నెల ముందు చెబితే లాభం లేదు కాబట్టి ఈ మాట ఇప్పుడే చెబుతున్నాను. ఈ వానాకాలం మీ పెరట్లోనో, డాబా మీద కుండీల్లోనో గునుగు చల్లండి.

గునుగును ఎవరూ విత్తేవారు కాదు. మక్క చేలల్లో, పత్తి చేలల్లో, గట్ల మీద దానంతట అదే మొలిచేది. ఇప్పుడు మక్కలో అట్రజిన్ లాంటి కలుపు మందులు కొడుతున్నారు. చాలాచోట్ల గట్లు కూడా బోసిపోతున్నాయి. రైతును నేను తప్పు పట్టను. కూలీలు దొరకని రోజుల్లో చేత్తో కలుపు తీయమని మనం ఎలా చెబుతాం? కానీ తంగేడు తర్వాత బతుకమ్మలో ఎక్కువగా పేర్చే పువ్వును పండగ ముందు రోజు మార్కెట్లో కట్టల లెక్కన కొనుక్కోవడం నాకు బాధగా ఉంటుంది. ఇంత సులువుగా పెరిగే మొక్క ఇంకోటి లేదనిపిస్తుంది.

గింజలు నల్లగా, నిగనిగలాడుతూ చాలా చిన్నగా ఉంటాయి. తోటకూర గింజలే అనుకుంటారు చూస్తే. రెండూ ఒకే కుటుంబం. ఉత్త గింజలు చల్లితే అన్నీ ఒకచోటే పడతాయి, అందుకే పిడికెడు పొడి ఇసుకలో చిటికెడు గింజలు కలిపి చల్లండి. చాలామంది ఇక్కడే చెడగొట్టుకుంటారు: వేలితో గుంట చేసి లోతుగా పాతేస్తారు. అలా చేస్తే మొలక పైకి రాలేదు. పైన గోరు మందం మట్టి చాలు, అరచేత్తో మెల్లగా అదమండి. నీళ్లు ధారగా పోయకుండా చిలకరించండి. నేల వెచ్చగా ఉంటే వారం, పది రోజుల్లో మొలుస్తాయి.

నాలుగైదు ఆకులు వచ్చాక మొక్కకూ మొక్కకూ జానెడు దూరం ఉండేలా మిగతావి పీకేయండి. పన్నెండు అంగుళాల కుండీలో మూడు మొక్కలు ఉంచితే సరి. పీకిన లేత మొక్కల్ని పారేయకండి. మందులు కొట్టనివైతే ఆకు పప్పులో వేసుకోవచ్చు. నైజీరియాలో ఇదే మొక్కను ఆకుకూరగా సాగు చేసి తింటారు.

ఎండ బాగా తగలాలి, నీళ్లు నిలవకూడదు. ఎరువు విషయంలో చెయ్యి అదుపులో పెట్టుకోండి. ఎక్కువ వేస్తే ఆకు గుబురుగా పెరుగుతుంది కానీ పువ్వు ఆలస్యమవుతుంది. మొక్క అడుగు ఎత్తుకు రాగానే చివర తుంచితే పక్క కొమ్మలు వేసి ఎక్కువ కంకులు ఇస్తుంది. జూన్ చివర్లో, జులై మొదట్లో చల్లినవి మామూలుగా పండగ నాటికి అందుతాయి. కంకి మొదట గులాబీ రంగులో మొదలై, కింది నుంచి వెండి తెలుపులోకి మారుతుంది. రేకులు కాగితంలా పొడిగా ఉంటాయి కాబట్టే కోసిన తర్వాత కూడా వాడిపోకుండా నిలుస్తాయి, అద్దిన రంగు పడుతుంది.

అమెరికాలో పిల్లలున్నవాళ్లు గింజలు సూట్‌కేసులో పెట్టి పంపకండి, అక్కడ విత్తనాలకు నిబంధనలున్నాయి. సెలోషియా పేరుతో అక్కడే విత్తనాలు దొరుకుతాయి. మన సీతమ్మ జడ పువ్వు కూడా ఈ జాతిదే. చలికి తట్టుకోదు కాబట్టి మంచు భయం పూర్తిగా పోయాకే చల్లమనండి.

అన్ని కంకులూ కోసేయకండి. రెండు మూడు మొక్కల మీదే ఉంచితే దీపావళి తర్వాత కింది భాగం ఎండుతుంది. పేపరు మీద వంచి తడితే గింజలు జలజల రాలతాయి. నీడలో ఆరబెట్టి కాగితపు పొట్లం కడితే వచ్చే ఏడాదికి మీ దగ్గరే విత్తనం ఉంటుంది.

పొలానికి ఆనుకుని ఇల్లున్నవాళ్లకు మాత్రం ఒక విన్నపం. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది, పల్లి, జొన్న చేలల్లో అది నిజంగానే మొండి కలుపు. మీకు కావలసినన్ని గింజలు తీసుకుని, మిగతా కంకులు ఎండకముందే కోసేయండి. పొట్లాలు తలుపు పక్కన బల్ల మీద పెట్టాం, ఇంటికి ఒకటి చొప్పున తీసుకెళ్లండి.