చిన్న ఆనకట్టకు ముప్పు ఒక గడి, స్థితి మరో గడి

అమెరికాలో ఆనకట్టల జాతీయ జాబితాను ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ నిర్వహిస్తోంది. అందులోని 90 వేలకు పైగా కట్టల్లో సగానికి మించి ప్రైవేటువే. సాగునీటి కోసం రైతులు, కాలువ కంపెనీలు వేసుకున్న చిన్న మట్టికట్టలూ వాటిలో ఉన్నాయి. తమ కట్ట పేరు పక్కన ‘హై హజార్డ్’ (ముప్పు ఎక్కువ) అని కనిపిస్తే యజమాని కంగారుపడతాడు. ‘లో’ అని ఉంటే నిశ్చింతగా కూర్చుంటాడు. రెండూ పొరపాటే.

హజార్డ్ శ్రేణి చెప్పేది కట్ట గట్టితనం కాదు, కట్ట దిగువన ఏముందన్నది. గండి పడితే ఒక్క ప్రాణమైనా పోయేలా ఉంటే ‘హై’. ప్రాణాలు పోకపోయినా ఆస్తులకు, రోడ్లకు గట్టి దెబ్బ తగిలేలా ఉంటే ‘సిగ్నిఫికెంట్’. నష్టం చాలావరకు యజమాని పొలంతోనే ఆగేటట్లయితే ‘లో’. కట్ట ఆరోగ్యాన్ని చెప్పే గడి వేరే ఉంది, మంచి నుంచి చెడుకు వరుసగా: శాటిస్‌ఫాక్టరీ, ఫెయిర్, పూర్, అన్‌శాటిస్‌ఫాక్టరీ. కట్ట మీద తట్టెడు మట్టి కదలకపోయినా, దిగువన నాలుగు ఇళ్లు లేస్తే మొదటి గడి మారిపోవచ్చు. దాంతో అలుగు తట్టుకోవాల్సిన వరద పెరుగుతుంది, తనిఖీలు దగ్గరపడతాయి, ఖర్చు యజమాని మీద పడుతుంది. ఇది అన్యాయంగా తోచవచ్చు. కానీ నీళ్లు ఆయనవే కదా.

రెండో గడిని తరచూ దిగజార్చేది తూము. కొలరాడోలోని లాన్ లేక్ కట్ట ఎత్తు 26 అడుగులు. 1903లో సాగునీటి కోసం కట్టారు. తూము గొట్టమూ గేటు వాల్వూ కలిసేచోట సీసంతో బిగించిన అతుకు పాడైంది. అక్కడ కారిన నీరు మట్టిని లోలోపలే తొలిచింది. 1982 జులై 15న కట్ట తెగి ముగ్గురు చనిపోయారు.

అందుకే గొట్టంలోకి కెమెరా పంపి చూడండి. ముడతల ఇనుప గొట్టమైతే తుప్పు అడుగుభాగంలో వెతకండి. పాతరోజుల్లో ఊటను ఆపుదామని గొట్టం చుట్టూ కాంక్రీటు పట్టీలు పోసేవారు. వాటి పక్కన మట్టిని సరిగా దిమ్మిస చేయడం కుదరక నీటికి అక్కడే దారి దొరికేది. ఇప్పుడు గొట్టం దిగువ భాగం చుట్టూ శుభ్రమైన ఇసుక ఫిల్టరు వేస్తారు. అది నీటిని పోనిస్తుంది, మట్టిని పోనివ్వదు.

మట్టికట్ట అన్నాక కొంత ఊట ఉంటుంది. దాన్ని కంటితో అంచనా వేయకండి. ఊట నీరు పారే దారికి అడ్డంగా, 90 డిగ్రీల ‘వి’ ఆకారపు గాడి కోసిన పలక బిగించండి: గాడిలో నీటి ఎత్తు 10 సెంటీమీటర్లుంటే సెకనుకు దాదాపు 4.4 లీటర్లు పోతున్నట్టు. ఆ రోజు జలాశయ మట్టం కూడా పక్కనే రాయండి. మట్టం పెరగకుండా ఊట పెరిగినా, తేటనీరు బురదరంగుకు తిరిగినా లోపల మట్టి కొట్టుకుపోతోందని అనుమానించాలి.

కట్ట మీద చెట్లు పెరగనివ్వకండి, బొరియలు పూడ్చండి. అదనపు నీటి కోసం అలుగుకు చెక్కలు అడ్డం పెట్టడం మాత్రం అసలే వద్దు. వరదనాడు కట్ట పైనుంచి నీరు పొర్లేది అలాగే.

బురదనీరు కనిపిస్తే ముందు దిగువవారికి, డ్యామ్ భద్రతాధికారికి ఫోన్ చేయండి; తరువాత ఇంజినీరు చెప్పిన వేగంతో మట్టం దించండి. ఒక్కసారిగా దించితే తడిసిన ఎగువ వాలు జారిపోతుంది. ఆ రోజు గేటు తెరుచుకోవాలంటే ఏడాదికి ఒక్కసారైనా దాన్ని పూర్తిగా తెరిచి మూసి ఉండాలి.